దీనబంధు ఆండ్రూస్

ఢిల్లీలో రింగ్ రోడ్డు మీద తిరిగే బస్సు ఎక్కితే మూల్‌చంద్ దగ్గర కండక్టర్ ఆండ్రూస్ గంజ్, ఆండ్రూస్ గంజ్ అని కేక వేస్తాడు. అక్కడ ప్రభుత్వ క్వార్టర్లు ఉన్నాయి, ఒక కేంద్రీయ విద్యాలయం ఉంది. మనలో కొందరు ఆ క్వార్టర్లలో ఉండి ఉంటారు, లేదా అక్కడ ఎవరైనా స్నేహితులు ఉండి ఉంటారు. ఈ ఆండ్రూస్ ఎవరని అడిగితే మాత్రం చాలామంది ఎవరో పాతకాలపు వైస్రాయ్ అనో, ఊరు కట్టిన ఇంజినీరు అనో చెబుతారు. నాన్నగారి బదిలీ మీద విశాఖపట్నం నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన వైస్రాయ్ కాదు. కాశ్మీరీ గేటు దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకున్న మాస్టారు. పూర్తి పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. యేసుక్రీస్తును మనసారా నమ్మిన మనిషి. ఆ నమ్మకం ఆయన ఉపన్యాసాల్లో కంటే ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి ఇంట్లో అన్నం తిన్నారు, ఎవరి కోసం ఓడ ఎక్కారు అనే విషయాల్లోనే బాగా కనిపిస్తుంది. అందుకే ఆయన జీవితం ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో పుట్టారు. పెరిగింది బర్మింగ్‌హామ్‌లో. తండ్రి ఒక చిన్న క్రైస్తవ సంఘంలో బోధకుడు. ఇంట్లో పిల్లలు చాలామంది. తల్లికి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి కొంత ఉండేది. ఆ డబ్బు వ్యవహారాలు చూసే పని తండ్రి తన ప్రాణస్నేహితుడికి అప్పగించారు. ఆ స్నేహితుడు ఆ సొమ్మంతా సట్టా వ్యాపారంలో పెట్టి పోగొట్టాడు. సంగతి తెలిసిన రోజున ఇంట్లో అందరూ గుండె బద్దలైనట్టు అయిపోయారు. చార్లీ అప్పటికి చిన్నపిల్లవాడు. ప్రతిరోజూ ఇంటిల్లిపాదీ కలిసి చేసే ప్రార్థనలో ఆ రోజు తండ్రి ఏమంటారోనని చూశాడు. తండ్రి తమ కష్టం గురించి కాకుండా, మోసం చేసిన ఆ స్నేహితుడి కోసం ప్రార్థించారు. అతనిని శిక్షించమని కాదు, క్షమించమని.

ఆ తరువాత ఆ ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. చార్లీ స్కాలర్‌షిప్పుల మీద చదువుకోవాల్సి వచ్చింది. అయినా ఆ రోజు విన్న ప్రార్థనను ఆయన జీవితాంతం తలుచుకున్నారు. పెద్దయ్యాక తన జీవితకథ రాసుకున్నప్పుడు కూడా మరిచిపోకుండా రాశారు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువు బాగా సాగింది. చదువయ్యాక కావాలంటే అక్కడే హాయిగా ఉండిపోవచ్చు. కానీ ఆయన కొన్నేళ్లు దక్షిణ లండన్‌లోని వాల్‌వర్త్ అనే పేదపేటలో పనిచేశారు. కేంబ్రిడ్జిలో ఆయనకు బేసిల్ వెస్ట్‌కాట్ అనే ఆప్తమిత్రుడు ఉండేవాడు. బేసిల్ ఢిల్లీకి వచ్చి కేంబ్రిడ్జి మిషన్‌లో చేరాడు. 1900లో కలరా వచ్చి చనిపోయాడు. మిత్రుడు వదిలి వెళ్లిన చోటు ఖాళీగా ఉందన్న తలపు ఆండ్రూస్‌ను వదల్లేదు. 1904 మార్చి 20న భారతదేశంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. ఆ తేదీని తన రెండో పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేవారు. ఉపనయనం అయినవారిని ద్విజులు అంటారని తెలిశాక, తానూ ఒక రకంగా రెండుసార్లు పుట్టినవాడినేనని సంతోషపడేవారు.

సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ అప్పుడు ఇప్పుడున్న చోట లేదు. కాశ్మీరీ గేటు దగ్గర ఉండేది. కాలేజీలో సుశీల్ కుమార్ రుద్ర అనే బెంగాలీ క్రైస్తవుడు వైస్ ప్రిన్సిపాల్. 1886 నుంచి అక్కడే పాఠాలు చెబుతున్న పెద్దమనిషి. ఆండ్రూస్‌కు రుద్రగారి ఇల్లు సొంత ఇల్లులాగే అయిపోయింది. కొత్త ఊరికి వచ్చినప్పుడు మనకు ముందుగా ఒక ఇల్లు దొరుకుతుంది చూడండి, ఎప్పుడు వెళ్లినా తలుపు తీసి టీ ఇచ్చే ఇల్లు, అలాంటిదన్నమాట. హిందుస్తానీ ఇళ్లల్లో ఎలా మెలగాలో, ఏ మాట ఎవరిని నొప్పిస్తుందో ఆయనకు నేర్పింది రుద్రగారే.

రెండో గురువు మున్షీ జకావుల్లా. అప్పటికే ముసలివారు. లెక్కల పుస్తకాలు, చరిత్ర పుస్తకాలు ఉర్దూలో ఎన్నో రాసిన పండితుడు. మొగల్ చక్రవర్తి ఎర్రకోటలో ఉండగా ఢిల్లీని చూసిన తరం ఆయనది. ఆండ్రూస్ తీరిక దొరికినప్పుడల్లా ఆయన దగ్గరికి వెళ్లి పాత ఢిల్లీ కబుర్లు వినేవారు. ఇద్దరి మతాలూ వేరు. ఒకరినొకరు మార్చాలని చూసుకోలేదు. దేవుడి గురించి మాత్రం చాలా మాట్లాడుకున్నారు. 1910లో జకావుల్లా చనిపోయారు. ఆయన జీవితచరిత్రను ఆండ్రూస్ 1929లో పుస్తకంగా వేశారు. 1857కు ముందటి ఢిల్లీ ఇళ్లల్లో జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవారు ఇప్పటికీ ఆ పుస్తకం చదువుతారు.

1906లో కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ కావలసి వచ్చారు. అప్పటిదాకా ఆ కుర్చీలో ఎప్పుడూ ఇంగ్లీషువారే కూర్చున్నారు. ఆండ్రూస్ ఇంగ్లీషువాడు, కేంబ్రిడ్జి పట్టా ఉంది, పిల్లలకు ఇష్టమైన మాస్టారు. ఆయన పేరే వినబడింది. ఆయన ఒప్పుకోలేదు. తనకంటే అనుభవం ఉన్న రుద్రగారు ఉండగా, రంగు వేరైనంత మాత్రాన ఆయనను దాటి తాను కూర్చోవడం ఏమిటని గట్టిగా పట్టుబట్టారు. భారతీయుడు కాలేజీని అదుపులో పెట్టగలడా అని పెద్దలలో కొందరికి అనుమానం. ఆండ్రూస్ వెనక్కి తగ్గలేదు. చివరికి రుద్రగారే ప్రిన్సిపాల్ అయ్యారు. 1923 దాకా కాలేజీని నడిపించారు. ఆండ్రూస్ ఆయన కింద ఎనిమిదేళ్లు మామూలు అధ్యాపకుడిగా పనిచేశారు.

నాకు ఈ సంఘటన చాలా నచ్చుతుంది. ఇందులో ఎవరూ జైలుకు వెళ్లలేదు, ఓడ ఎక్కలేదు. ఆఫీసుల్లో రోజూ జరిగే సీనియారిటీ గొడవ లాంటిదే. మనుషులందరూ ఒకే తండ్రి పిల్లలని ఆదివారం చర్చిలో చెప్పే మాటను, సోమవారం స్టాఫ్ రూములో నిలబెట్టుకోవలసి వచ్చింది, అంతే.

ఆండ్రూస్ ఎలా ఉండేవారో కూడా చెప్పాలి. గడ్డం, మెత్తని కళ్లు. చిన్నపిల్లల్లా నవ్వేవారు, కన్నీళ్లు కూడా తొందరగానే వచ్చేవి. వస్తువులు ఎక్కడ పెట్టారో గుర్తుండేది కాదు. సగం పోగొట్టుకునేవారు, మిగిలిన సగం ఎవరికో ఇచ్చేసేవారు. కోటో దుప్పటో ఎదుటివాడికి అవసరమని తోస్తే ఇక అది ఆయన దగ్గర ఉండేది కాదు. తరువాతి రోజుల్లో స్నేహితులు ఆయన పేరులోని సి, ఎఫ్, ఎ అనే మూడు అక్షరాలకు సరదాగా కొత్త అర్థం చెప్పేవారు. క్రీస్తుకు నమ్మకమైన శిష్యుడు అని వచ్చేలా ఇంగ్లీషులో ఆ అక్షరాలను విడగొట్టేవారు. హిందూ మిత్రులు కూడా ఆ పేరుతోనే పిలిచి ఏడిపించేవారు.

1913 చివర్లో దక్షిణాఫ్రికా నుంచి వార్తలు వస్తున్నాయి. నేటాల్‌లో గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ల ఒప్పందం మీద, వెళ్లిన భారతీయ కూలీలు సమ్మె చేశారు. గడువు తీరాక అక్కడే ఉండిపోయిన వాళ్ల మీద ఏడాదికి మూడు పౌండ్ల తలపన్ను వేశారు. అది వాళ్లకు కొన్ని నెలల జీతం. నేటాల్ కూలీలలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. వారిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ వేలల్లో ఉన్నారు. సమ్మెకు నాయకుడు గాంధీగారు. ఇక్కడ గోఖలే విరాళాలు పోగుచేస్తుంటే ఆండ్రూస్ తాను దాచుకున్న సొమ్మంతా ఇచ్చేశారు. అక్కడికి వెళ్లి సాయం చేయగలరా అని గోఖలే అడిగితే వెంటనే బయలుదేరారు. విలియం పియర్సన్ అనే మిత్రుడు తోడు వెళ్లారు.

1914 జనవరి మొదట్లో ఓడ డర్బన్ రేవు చేరింది. గాంధీ కోసం ఆండ్రూస్ కళ్లు వెతికాయి. బారిస్టరు కదా, సూటూ బూటూ వేసుకుని ఉంటారనుకోవడం సహజం. తెలిసిన మిత్రుడొకరు పక్కనే ఉన్న బక్కపలచని మనిషిని చూపించారు. గుండు, ముతక తెల్లబట్టలు, కూలీవాడి వేషం. సమ్మెలో కాల్పులకు చనిపోయినవారి కోసం గాంధీ అలా సంతాపం పాటిస్తున్నారు. ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకారు.

మనకు ఇందులో వింత ఏమీ తోచదు. పండక్కి తాతగారికి, ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మకు మనమూ కాళ్లకు దండం పెడతాం. కానీ డర్బన్‌లో అప్పుడు భారతీయుడంటే కూలీ. తెల్లవాడు అతనితో చేయి కలపడమే ఎక్కువ. అలాంటి చోట, పట్టపగలు, రేవు మీద, ఒక తెల్ల క్రైస్తవ గురువు నల్లవాడి కాళ్లు తాకాడు. ఊరంతా గుప్పుమంది. అక్కడి తెల్లవాళ్ల పత్రికలు మండిపడ్డాయి. ఒక సంపాదకుడైతే ఎదురుగానే, ఇక్కడ ఇలాంటివి పనికిరావని మెత్తగా మందలించాడు. ఆండ్రూస్‌కు అర్థమే కాలేదు. శిష్యుల కాళ్లు కడిగిన యేసు కథను చర్చిలో చదివినవారికి ఈ పని తప్పుగా ఎలా తోస్తుందన్నది ఆయన ఆశ్చర్యం.

అక్కడ ఉన్న కొద్ది వారాలు గాంధీకీ జనరల్ స్మట్స్‌కూ మధ్య రాజీ కుదరడానికి ఆయన తిరగని చోటు లేదు. ఆ ఏడాదే మూడు పౌండ్ల పన్ను రద్దయింది. కానీ ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఆయన తల్లి చనిపోయింది. పని ముగించుకుని ఆమెను చూడటానికి వెళ్లాలనుకున్నారు. కబురు ముందే వచ్చేసింది. పరాయి దేశంలో ఏడుస్తున్న ఆయనను ఓదార్చింది అక్కడి భారతీయ కుటుంబాలు. గాంధీ ఆయనను చార్లీ అని, ఆయన గాంధీని మోహన్ అని పిలుచుకోవడం ఆ పరిచయం నుంచి పెరిగిన చనువే. గాంధీని మోహన్ అని పిలవగలిగినవారు చాలా తక్కువమంది.

తిరిగి వచ్చాక ఆండ్రూస్ రెండు పెద్ద మార్పులు చేసుకున్నారు. ఢిల్లీ కాలేజీ వదిలి రవీంద్రనాథ్ టాగూర్ శాంతినికేతన్‌లో చేరారు. అక్కడ ధోవతీ కుర్తా కట్టుకుని పిల్లలకు పాఠాలు చెప్పారు. రెండోది, చర్చి గురువుగా చేసే పనులను ఆపేశారు. ఆ రోజుల్లో వాళ్ల ఆరాధనలో చదవవలసిన ఒక పాత విశ్వాస ప్రమాణం ఉండేది. సరైన నమ్మకం లేనివారికి శాశ్వత నాశనం తప్పదని అందులో ఉంటుంది. జకావుల్లా లాంటి మనిషిని కళ్ల ముందు పెట్టుకుని ఆ మాటలు నోటితో పలకడం ఆయన వల్ల కాలేదు. క్రీస్తును వదిలిపెట్టలేదు. క్రీస్తు పేరుతో ఆ మాట అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇందువల్ల సొంతవాళ్లలో చాలామంది ఆయనకు దూరమయ్యారు. మరోవైపు, ఇంగ్లీషువాడు మన మధ్య తిరుగుతున్నాడంటే సర్కారు గూఢచారేమోనని కొందరు భారతీయులు అనుమానించారు. రెండు వైపులా మాట పడటం ఆయనకు అలవాటైపోయింది.

1915లో ఆయనకు పెద్ద జబ్బు చేసింది. కోలుకుంటూ ఒక మధ్యాహ్నం వరండాలో కుర్చీలో పడుకుని ఉండగా నేటాల్‌లో చూసిన ఒక కూలీ గుర్తుకొచ్చాడు. తోట నుంచి పారిపోయి వచ్చినవాడు. వీపు మీద దెబ్బల వాతలు. ఆండ్రూస్ దగ్గరికి రాబోతే, తెల్లవాడు కాబట్టి ఇతనూ కొడతాడని భయపడి ముడుచుకుపోయాడు. ఆ ముఖాన్నే తలుచుకుంటూ ఉండగా అది క్రీస్తు ముఖంగా మారినట్టు ఆండ్రూస్‌కు కనిపించింది. ఇది కలా, జ్వరమా, మరొకటా అని మనం వాదించుకోవచ్చు. ఆయన మాత్రం వాదించలేదు. లేచి, కాస్త బలం రాగానే, పియర్సన్‌తో కలిసి ఫిజీ దీవులకు ఓడ ఎక్కారు.

ఫిజీ చెరకు తోటలకు 1879 నుంచి మనవాళ్లను తీసుకెళ్తున్నారు. మొదట కలకత్తా నుంచి, 1903 తరువాత మద్రాసు నుంచి కూడా. అలా మన తెలుగు జిల్లాలవాళ్లు కూడా అంత దూరం చేరారు. మొత్తం మీద వెళ్లినవారు 60 వేల పైమాటే. బొంబాయి అంత దూరమేనని చెప్పి సంతకాలు పెట్టించుకున్న దళారులు ఉన్నారు. రోజు కూలి మగవాడికి ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. అదీ అప్పగించిన పని పూర్తి చేస్తేనే. బారాకుల్లో ఒక్కో చిన్న గదిలో ముగ్గురు మగవాళ్లు, లేదా ఒక కుటుంబం. అక్కడే వంట, అక్కడే పడక.

ఆండ్రూస్, పియర్సన్ తోటల యజమానుల బంగళాల్లో కూర్చుని లెక్కలు రాసుకోలేదు. ఆ బారాకుల్లోకి వెళ్లి కూర్చున్నారు. ఆడవాళ్లు పడుతున్న అవమానాలు విన్నారు. ఆత్మహత్యలు ఎందుకు అంత ఎక్కువగా ఉన్నాయో అడిగి తెలుసుకున్నారు. 1916 మొదట్లో వారి నివేదిక బయటికి వచ్చింది. ఆ మార్చిలోనే వైస్రాయ్ హార్డింజ్ ఈ గిర్మిట్ పద్ధతిని ఎత్తేస్తామని శాసనమండలిలో ఒప్పుకున్నారు. కానీ ఒప్పుకోవడం వేరు, ఆగిపోవడం వేరు. ఆండ్రూస్ 1917లో మళ్లీ ఫిజీ వెళ్లారు. పత్రికలకు రాశారు, అధికారుల గుమ్మాలు ఎక్కి దిగారు. చివరికి 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. ఆ రోజు స్వేచ్ఛ పొందినవారిలో తెలుగు మాట్లాడే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్నారు. దీనబంధు అనే పేరు ఆయనకు ఇలాంటి పనుల వల్లే వచ్చింది.

స్నేహం అంటే తల ఊపడం కాదని కూడా ఆయన దగ్గర చూస్తాం. 1921లో గాంధీ విదేశీ బట్టలను మంటల్లో వేయమన్నారు. ఆండ్రూస్ ఖద్దరు కట్టేవారే, అయినా ఆ మంటలు ఆయనకు నచ్చలేదు. ఎవరో మనిషి చేతులతో నేసిన బట్టను కాల్చడం మనసులో ద్వేషం పెంచుతుందని, బట్టలేని పేదవాడికి ఇవ్వవచ్చు కదా అని గాంధీకి ఉత్తరం రాశారు. గాంధీ ఆ ఉత్తరాన్ని తన పత్రికలో అచ్చువేసి జవాబిచ్చారు. అభిప్రాయం ఇద్దరూ మార్చుకోలేదు. స్నేహమూ చెడలేదు.

ఇక మన ఢిల్లీలో జరిగిన సంగతి. 1924 సెప్టెంబరులో కోహాట్‌లోనూ మరికొన్ని చోట్లా హిందూ ముస్లిం గొడవల్లో రక్తం పారింది. గాంధీ 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టారు. మొదలుపెట్టింది ఢిల్లీలో మౌలానా మహమ్మద్ అలీ ఇంట్లో. అంతకు ముందు డిసెంబరులో మన కాకినాడ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించింది ఈ మౌలానాయే. కొన్ని రోజులయ్యాక గాంధీని ఊరి బయట రిడ్జి దగ్గరున్న దిల్‌ఖుష్ అనే బంగళాకు మార్చారు. గాంధీ వయసు అప్పుడు 55కు దగ్గర. బతుకుతారో లేదోనని దేశమంతా భయపడింది. ఆండ్రూస్ వచ్చి పక్కనే ఉండిపోయారు. ఆయన బదులు యంగ్ ఇండియా పత్రిక పని చూశారు, వచ్చేపోయేవారికి సమాధానం చెప్పారు, రాత్రుళ్లు మంచం దగ్గర మేలుకుని ఉన్నారు.

అక్టోబరు 8 మధ్యాహ్నం ఉపవాసం ముగిసింది. గదిలో అలీ సోదరులు ఉన్నారు, డాక్టర్ అన్సారీ ఉన్నారు, ఇంకా ఎందరో. ముందు ఇమాం సాహెబ్ ఖురాన్ మొదటి వాక్యాలు చదివారు. తరువాత గాంధీ తనకు ఇష్టమైన ఒక క్రైస్తవ కీర్తన పాడమని ఆండ్రూస్‌ను అడిగారు. సిలువ మీది క్రీస్తును చూస్తూ తన గర్వాన్ని వదులుకునే భక్తుడి పాట అది. ఐజాక్ వాట్స్ అనే ఇంగ్లీషు కవి రాసి అప్పటికే రెండు వందల ఏళ్లు దాటింది. ఆండ్రూస్ ఆ గదిలో నిలబడి దాన్ని పాడారు. తరువాత వినోబా ఉపనిషత్తు చదివారు, వైష్ణవ భజన పాడారు. అన్సారీగారు నారింజ రసం అందించారు.

ఆ తరువాత కూడా ఆయన ఒక చోట నిలవలేదు. కార్మిక సంఘాల అఖిల భారత మహాసభకు రెండుసార్లు అధ్యక్షుడయ్యారు. ఆఫ్రికా, అమెరికా, ఇంగ్లండు తిరిగారు. 1934లో బీహారు భూకంపం వచ్చినప్పుడు బాధితుల కోసం సాయం అడిగారు. క్రీస్తుకు తాను ఎంత రుణపడ్డాడో చెబుతూ 1932లో తన జీవితకథ రాశారు. చివరి ఏళ్లలో మళ్లీ చర్చి గురువుగా ఆరాధనలు జరపడం మొదలుపెట్టారు. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరి ఇంట్లోనే ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు, సొంత ఇల్లు కట్టుకోలేదు.

1940లో జబ్బుపడి కలకత్తా ఆసుపత్రిలో చేరారు. గాంధీ వచ్చి చూసి వెళ్లారు. ఆ రోజుల్లో కలకత్తాలో క్రైస్తవ మతగురువుల పెద్ద ఫాస్ వెస్ట్‌కాట్. ఢిల్లీలో కలరాతో చనిపోయిన బేసిల్‌కు ఆయన స్వయానా అన్న. మంచం దగ్గరికి వచ్చి ప్రార్థన చేసింది ఆయనే. ఏప్రిల్ 5న ఆండ్రూస్ కన్నుమూశారు. లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో ఆయనను సమాధి చేశారు. శాంతినికేతన్‌లో టాగూర్ పిల్లలందరినీ మందిరంలో కూర్చోబెట్టి ఆయన గురించి మాట్లాడారు.